మాగ్నెట్ మీద ఎర్రచుక్క

ఆ నాలుగు వీధుల్లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెవి మేస్త్రీ అంటే మాత్రం ఎవరైనా వేలు చూపించి ఇల్లు చెప్పేవారు. కుట్టుమిషన్లు బాగుచేయడం అతని వృత్తి. పెద్ద స్క్రూడ్రైవరు మొనను మిషను ఒంటికి ఆనించి, చెక్క పిడిని చెవికి ఆనించుకుని, "ఊఁ, తొక్కమ్మా" అనేవాడు. అర నిమిషం కళ్లు మూసుకుని వినేవాడు. "సూది తప్పు కాదు. కింద బుష్షు అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. వైద్యులు కూడా ఒకప్పుడు రోగి గుండెకు చెవి ఆనించే వినేవారట. ఎవరో ఒకాయన మొహమాటపడి కాగితాన్ని గొట్టంలా చుట్టాడు, అప్పట్నుంచి ఆ విద్య గొట్టాల పాలైంది. మన మేస్త్రీకి ఇనుముతో మొహమాటం లేదు.

అతని దుకాణం మోటారుసైకిలే. వెనక సీటు పక్కన ఇనప పెట్టె, అందులో పనిముట్లు. కుట్టుమిషన్లు మేస్త్రీ దగ్గరికి రావు, మేస్త్రీయే వాటి దగ్గరికి వెళ్లాలి. ఊరికి ఆ చివర సంచులు కుట్టే షెడ్లు, ఈ చివర దుప్పట్ల వాళ్లు, నడుమ ఎక్కడెక్కడో టైలర్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయిన అరవై ఒక్కేళ్ల మనిషి, పెట్టె మోసుకుంటూ బస్సు ఎక్కి దిగి తిరగలేడు. బండి ఉంటే పని ఉంటుంది, బండి లేకపోతే లేదు. ఇది ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

బండి వయసు ముప్పై నాలుగు. నీలం పొగ వదిలే పాతకాలపు ఇంజను. ఇన్నేళ్లలో దాన్ని ఏ మెకానిక్కూ ముట్టుకోలేదు. ఇంటి వెనక రేకుల పంచలో, ఆదివారం పొద్దున్నే, గోనెపట్టా పరిచి అతనే విప్పేవాడు. విప్పిన స్క్రూ, నట్టు, వాషరు ఒక్కొక్కటీ గుడ్ల అట్టలో వరసగా ఒక్కో గుంటలో పెట్టేవాడు. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి. కింద నూనె కారే చోట ఒక బిస్కెట్ల డబ్బా. పక్కనే చిన్న స్టూలు, అది భార్యది.

నిజానికి బండీ ఆమెదే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన రోజుల్లో తన జీతంతో, తన పేరు మీద కొన్నది. కొన్నాక, "నాకు నడపడం రాదు, మీరే నడపండి" అని తాళం అతని చేతిలో పెట్టింది. చెవి అన్న పేరు ఇంట్లో ఎవరికి సార్థకమో తేల్చాలంటే పంచాయితీ పెట్టాల్సిందే. నాలుగు వందల లైన్లలో, అవతలివాళ్లు హలో అనకముందే రిసీవరు ఎత్తిన చప్పుడుతో మనిషిని పోల్చేదట. మేస్త్రీ బండి బాగుచేస్తుంటే వంటగదిలోంచే, "ప్లగ్గు సరిగ్గా కొట్టట్లేదు చూడండి" అనేది. చూస్తే కొట్టేది కాదు. పేరు మాత్రం అతనికి వచ్చింది. ఆమె నవ్వి ఊరుకుంది.

ఇరవై రెండేళ్ల కిందట బండి మాగ్నెట్ పగిలింది. మాగ్నెట్ అంటే ఇంజను పక్కన మూత కింద గిరగిర తిరిగే చక్రం. దాని అంచున ఒక గీత ఉంటుంది. ఆ గీత ఎదురు గీతతో కలిసిన క్షణాన ప్లగ్గులో నిప్పు పడాలి. తొందరగా పడితే మంట పిస్టన్ నెత్తిన కొడుతుంది, ఆలస్యంగా పడితే బండి ఈడుస్తుంది. లోకంలో సగం రోగాలు ఇలాంటి టైమింగ్ రోగాలేనని మేస్త్రీ అంటూ ఉండేవాడు, కుట్టుమిషన్లకైనా, కాపురాలకైనా.

కొత్త మాగ్నెట్ దొరకలేదు. పాత సామాన్ల కొట్టులో వేరే రకం బండిది దొరికింది. అన్నీ సరిపోయాయి, ఒక్క గీత తప్ప. అది ఆ బండికి గీసిన గీత, ఈ బండికి పనికిరాదు. మూడు ఆదివారాలు మొగుడూ పెళ్లాలు పంచలో కూర్చున్నారు. అతను మాగ్నెట్ కింది ప్లేటును వెంట్రుకవాసి జరిపి కిక్కు కొట్టడం, ఆమె తల ఒకవైపు వంచి వినడం. "ఇప్పుడు?" "ఊహూఁ." "ఇప్పుడు?" "దగ్గు ఉంది." "ఇప్పుడు?" మూడో ఆదివారం ఆమె చెయ్యెత్తింది. "ఆగండి. ఇదీ. ఊపిరి సరిగ్గా తీస్తోంది." అతను సుత్తీ ఉలీ వెతుక్కుంటుంటే, ఆమె లోపలికి వెళ్లి గోళ్లరంగు సీసా తెచ్చి, సరైన చోట ఎర్రచుక్క పెట్టింది.

"బండికి షోకులు నేర్పుతున్నావే."

"ఉలి దెబ్బ కొడితే ఇదీ పగిలిపోతుంది. ఇనుము మీకు తెలుసేమో, పగిలేవి నాకు తెలుసు."

అప్పట్నుంచి రెండు మూడేళ్లకోసారి చుక్క వెలిస్తే, మళ్లీ పెట్టేది. గోళ్లకు రంగు వేసుకోవడం ఎప్పుడో మానేసింది. సీసా మాత్రం ఉంచింది.

ఈసారి ఉత్తరం వచ్చింది. పాతికేళ్లు దాటిన బండ్లన్నీ ఫలానా తేదీన తనిఖీ కేంద్రానికి తేవాలి, పొగ, బ్రేకులు, దీపాలు పరీక్షిస్తారు, నెగ్గనివి తుక్కుకు వెళ్తాయి. పత్రాల్లో ఉన్న యజమాని స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి.

బావమరిది సిటీబస్సు డ్రైవరు, నోరు జారుడు మనిషి. ఉత్తరం చదివి, "బావా, ఈ బండికీ నీకూ పందెం పెడితే ఎవరు ముందు పోతారో చెప్పడం కష్టం" అన్నాడు.

"నువ్వు నడిపే బస్సు కంటే ఇది చిన్నదే వయసులో" అంది అక్క.

"బస్సుకు తనిఖీ లేదక్కా, ప్రభుత్వానిది. మీ బండిని మాత్రం పళ్ల డాక్టరు నోరు తెరిపించినట్టు చూస్తారు. మాగ్నెట్ మూత కూడా తీసి చూస్తారట."

ఆ చివరి మాట వేళాకోళానికి అన్నాడు. మేస్త్రీ నమ్మాడు. బతుకంతా ఒక్క బండి మీద వేలాడుతున్నప్పుడు మనిషి వేళాకోళాన్నీ సలహా కిందే జమకడతాడు.

మర్నాటి నుంచి బండిని కడగడం మొదలైంది. తుప్పు గీకాడు, తీగలు మార్చాడు, సైలెన్సరు మసి కాల్చాడు. మాగ్నెట్ తీసి, దాని కింది ప్లేటు విప్పి, నిప్పు పుట్టించే పాయింట్లు కొత్తవి వేద్దామని పక్కన పెట్టాడు. ఆ చక్రాన్ని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో అద్దంలా తుడిచాడు. గుడ్డ మీద ఎర్రగా కనిపించింది. వేలు తెగిందనుకున్నాడు. రెండు చేతులూ తిప్పి తిప్పి గాయం కోసం వెతికాడు. గాయం ఎక్కడా లేదు. అప్పుడు చక్రం వైపు చూశాడు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

భార్య పక్క గదిలోనే ఉంది. ఒక్క పిలుపు పిలిస్తే స్టూలు తెచ్చుకుని కూర్చునేది, మూడు ఆదివారాలు పట్టింది మూడు గంటల్లో తేలేది. కానీ ఆ పని ఇద్దరి చెవుల పని. ఆమె "దగ్గు ఉంది" అంటుంది, అతను "అవును" అనాలి. "పోయిందా?" అంటుంది, చెప్పాలి. మేస్త్రీకి మూడేళ్లుగా చెవులు సరిగ్గా వినబడటం లేదు.

వినికిడి ఒక పద్ధతి ప్రకారం పోతుంది. ముందు సన్న శబ్దాలు సెలవు తీసుకుంటాయి, పిచ్చుకలు, గంటలు, ఈలలు, ఆడవాళ్ల గొంతులు. బరువైనవి చివరిదాకా ఉంటాయి, లారీలు, తలుపులు, బావమరుదులు. అందుకే ఎవరూ కనిపెట్టలేదు. పెదవులు చూసి, సందర్భం చూసి నెట్టుకొచ్చాడు. మిషన్ల దగ్గర కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు. పిడి చెవికి కాక దవడ ఎముకకు ఆనించి, అదురును బట్టి చెప్పేవాడు. పదిట్లో ఏడు సరిపోయేవి. మిగిలిన మూడింటికి మిషను తయారుచేసినవాణ్ణి తిట్టేవాడు. చెవి మేస్త్రీకి చెవుడు వచ్చిందని వీధిలో పొక్కితే, ఆ నవ్వులోనే అన్నం నీళ్లు పోతాయి.

మధ్యాహ్నం ఆమె చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. పెదవులు కదిలాయి. చూపుడువేలి గోరు చూపిస్తే అర్థమైంది.

"చుక్క ఉందా, వెలిసిందా? సీసా అడుగున కాస్త ఉంది, పెడతాను" అంటోంది.

"ఉందిలే. రాయిలా ఉంది" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

తానొక్కడే కూర్చుని ప్లేటు బిగించాడు. ఇరవై రెండేళ్ల గుర్తుతో, అంచనాగా. కిక్కు కొట్టాడు, అంటుకుంది. కొంచెం జరిపాడు, ఇంకా చురుగ్గా ఉంది. ఇంకొంచెం జరిపాడు. అరచేయి ట్యాంకు మీద పెట్టి, అదురు చూసి, "ఇదీ" అని తనకు తానే చెప్పుకుని బిగించేశాడు. వీధి చివరిదాకా తీసుకెళ్లి వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడిలా లాగింది. బావమరిది వాకిట్లో ఉండి, "ఏం తాగించావు బావా దీనికి?" అన్నాడు. తర్వాత కాఫీ తాగుతూ, చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని ఎంతసేపు కొరుకుతావురా అన్నాడట, అన్న పాత సామెత ఏదో సందర్భానికి వదిలాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ ఒక లిప్త ఆలస్యంగా నవ్వాడు.

తనిఖీ రోజు ఎండ పొద్దుటే చురుక్కుమంది. పదకొండు కిలోమీటర్ల దారి. ఆమె పత్రాల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. చివర్లో రైలు పట్టాల మీదుగా పొడవాటి వంతెన ఎక్కాలి. ఎక్కుడు మొదలవగానే ఆమె భుజం తట్టింది.

"ఏదో గలగలమంటోందండీ."

అతను తల తిప్పాడు. ఆమె అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "గోలీలు గాజు సీసాలో దొర్లినట్టు."

"పెట్టెలో స్పానర్లు."

ఆమె పక్కకు చెయ్యి చాచి పెట్టెను అదిమి పట్టింది. చూసి, మళ్లీ వంగింది. "పెట్టె కాదు. కిందనుంచి. ఇంజన్లోంచి."

"పెట్టెలోదే" అన్నాడు.

ఆమె పెట్టె మీంచి చెయ్యి తీసి పత్రాల సంచి పట్టుకుంది. మెల్లగా పోనిస్తే ఏమయ్యేదో. అతను యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పాడు, బండి అంత హుషారుగా లాగుతోంది మరి. వంతెన నడినెత్తికి వంద గజాల దూరంలో హఠాత్తుగా వెనక చక్రం బిగుసుకుంది. క్లచ్చు నొక్కాడు కాబట్టి పడలేదు. బండి ఆగింది. కాలిన వాసన. వెనకనుంచి వచ్చే వాళ్లు హారన్లు కొట్టారు. అవి మాత్రం అతనికి బాగానే వినబడ్డాయి.

కాసేపటికి చక్రం వదిలింది. ఇద్దరూ తోసుకుంటూ వంతెన ఎక్కి, దిగి, తనిఖీ కేంద్రం గేటు దాటారు. వరసలో నిలబడ్డారు. తనిఖీ అధికారి వాళ్లకంటే వయసులో సగం. కసురుకునే రకం కాదు. అలా కసురుకుంటే బావుండేది, మేస్త్రీ ఎదురు కసిరేవాడు.

"బ్రేకులు బాగున్నాయి. దీపాలు బాగున్నాయి. ఇంత శుభ్రమైన పాత బండి ఈ వారంలో చూడలేదండీ. స్టార్ట్ చేయండి, పొగ చూద్దాం."

మేస్త్రీ కిక్కు కొట్టాడు. వెన్నలో కాలు దిగినట్టు కిందికి దిగింది. లోపల ఎదురే లేదు. మళ్లీ కొట్టాడు. ఏడోసారికి అధికారి చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, చాలు. మోకాలు పోతుంది. పదిహేను రోజులు గడువు రాస్తున్నాను. బాగుచేసి తెండి. యజమాని ఎవరు?"

"నేను" అని ఆమె సంతకం పెట్టింది.

బావమరిది ట్రాలీ మాట్లాడి బండిని ఇంటికి చేర్చాడు. ఆ రోజు అతనూ జోకులు వేయలేదు. సాయంత్రం వెలుతురుండగానే మేస్త్రీ ఇంజను తల విప్పాడు. పిస్టన్ నెత్తిన బఠాణీ గింజంత బొక్క. దాని అంచులు కొవ్వొత్తిలా కరిగి కారి ఉన్నాయి.

భార్య వచ్చి చూసింది. స్టూలు మీద కూర్చోలేదు. వంగి, మాగ్నెట్ మూత స్క్రూలు మూడూ తానే విప్పి, గుడ్ల అట్టలో మూడు గుంటల్లో పెట్టింది. చక్రాన్ని ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది. అద్దంలా మెరుస్తోంది.

అప్పుడతని ముఖానికి ఎదురుగా వచ్చి అడిగింది.

"ఉందన్నారు."

అతను తల దించుకున్నాడు. దించుకుంటే ఆమె పెదవులు కనబడవు. కాబట్టి మళ్లీ ఎత్తాడు.

"తుడిచేశాను. తెలియక."

"తెలిశాక అయినా చెప్పొచ్చుగా. నేను వినేదాన్ని కదా."

"నువ్వు వింటావు. నాకే వినబడదు."

"ఏమిటి వినబడదు?"

"ఆ గలగల. ఇంకా చాలా. మూడేళ్లు కావొస్తోంది."

ఆమె అప్పుడు స్టూలు మీద కూర్చుంది. కోపం వస్తుందనుకున్నాడు. ఆమె ముఖంలో వచ్చింది కోపం కాదు, పాత లెక్క ఏదో తప్పని తేలినప్పుడు వచ్చే వెర్రి చూపు.

"వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు. రెండోసారి పిలవడం మానేశాను. సంగతులు చెబితే ఊఁ అనేవారు కాదు. చెప్పడం మానేశాను. నా మాటంటే మీకు విసుగొచ్చిందనుకున్నా."

"విసుగు కాదు."

"ఇవాళ వంతెన మీద కూడా అదే అనుకున్నా. ఇంకోసారి చెబితే కసురుతారని నోరు మూసుకున్నా." చక్రం వైపు తిరిగి, "ఇంకొక్కసారి చెప్పాల్సింది" అంది.

అతనికి ఆ చివరి మాట వినబడలేదు. ఏమన్నావని అడగలేదు కూడా.

గడువు పదిహేను రోజులూ పిస్టన్ వేటలోనే గడిచాయి. బావమరిది సెలవు పెట్టి మూడు పాతసామాన్ల బజార్లు గాలించాడు. చివరికి ఒకటి దొరికింది, కాస్త పెద్ద కొలతది. ఇంజను గోడను ఆ కొలతకు తొలవాలి. లేతు మేస్త్రీ వేలు పెట్టి చూసి, "ఇప్పటికే నాలుగుసార్లు తొలిచేశారు అన్నా. ఇంకోసారి తొలిస్తే అవతలి వీధి కనబడుతుంది" అని పిస్టన్ వెనక్కి ఇచ్చేశాడు.

పదహారో రోజు తుక్కు లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు బండిని అవలీలగా ఎత్తారు. అది అంత తేలికని మేస్త్రీకి ముప్పై నాలుగేళ్లలో తెలియదు. పెట్టె మాత్రం ముందే విప్పి పెట్టుకున్నాడు. బావమరిది, "మాగ్నెట్ ఉంచుకోరాదా బావా, గుర్తుగా" అన్నాడు. "దేనికి గుర్తు?" అన్నాడు మేస్త్రీ.

నడిచి వెళ్లగలిగిన దూరంలో టైలర్లు ముగ్గురు. అందులో ఇద్దరు ఎలక్ట్రానిక్ బోర్డు ఉండే కొత్త మిషన్లు కొనుక్కున్నారు, వాటికి కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ తెచ్చుకుని వస్తాడు. మిగిలింది మూల మీది టైలరమ్మ. వారం తర్వాత కబురు పెట్టింది. పెట్టెలోంచి నాలుగు పనిముట్లు సంచిలో వేసుకుని, మూడుచోట్ల అరుగుల మీద కూర్చుంటూ వెళ్లాడు. భార్య కూడా వచ్చింది. కూరగాయలకు అని చెప్పింది.

అతను స్క్రూడ్రైవరు పిడి దవడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. "తొక్కమ్మా." గంట సేపు విప్పి, తుడిచి, బిగించి, "సరిపోయింది" అన్నాడు.

టైలరమ్మ తొక్కింది. "ఇంకా కీచుమంటోంది మేస్త్రీగారూ."

అతను భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి తల ఒకవైపు వంచి ఉంది, పూర్వంలాగే. కాసేపటికి తల నిలబెట్టి, అడ్డంగా ఊపింది.

"నాకూ ఎక్కణ్ణుంచో తెలియట్లేదు. లారీల గోలలో" అంది.

ఆ వీధిలో ఆ వేళ లారీలు లేవు. ఆమెకు యాభై తొమ్మిది. టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పోనీలెండి, కుడుతోంది కదా" అంది. మాట మెత్తగానే అంది.

నాలుగు రోజుల తర్వాత మేస్త్రీ వెనక పంచలో కూర్చుని స్పానర్లకు నూనె రాస్తున్నాడు. బండి నిలిచిన చోట ఇంకా బిస్కెట్ల డబ్బా అలాగే ఉంది, అడుగున వేలెడు నల్లటి నూనె. భార్య లోపల్నుంచి వచ్చి, అతని ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడింది. ఈ మధ్య అలాగే నిలబడుతోంది.

"టైలరమ్మ మనిషిని పంపింది. ఇక రావద్దంది. వేరేవాళ్లను మాట్లాడుకుందట."

"ఏ టైలరమ్మ?"

"ఉన్నది ఒక్కతే కదా."

అతను తలూపాడు. ఆమె డబ్బా తీయబోతే, నూనె ఒలుకుతుందని అలాగే ఉండనిమ్మన్నాడు.